విలీనం నినాదానికి మద్దతుగా వ్యాపారులు షట్టర్లు దించాలా?

ధర్మాబాద్ అడ్తి:

అందరికీ నమస్తే. నేను ధర్మాబాద్ యార్డులో అడ్తిని, అంటే రైతు పంట అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారిని. మా వ్యాపారుల గ్రూపులో ఒక మాట నలుగుతోంది. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మన సరిహద్దు ఊళ్లను తెలంగాణలో కలపాలన్న పాత డిమాండ్‌ను మళ్లీ లేపాలని, దానికి మద్దతుగా ఒకరోజు మార్కెట్ బంద్ చేయాలని కొందరంటున్నారు. మీ అందరి ఆలోచన తెలుసుకుందామని ఇక్కడ పెడుతున్నాను.

బయటి ఊళ్లవాళ్ల కోసం ముందు కొంచెం చెప్తాను. 2018లో మా తాలూకాలోని సుమారు 40 ఊళ్లు తమను తెలంగాణలో కలపమని అడిగాయి. ఆ ఏడు జనవరిలో అవతల వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. మే నెలలో రైతుబంధు, పంటకు ఎకరానికి 4,000. ఆగస్టులో 5 లక్షల రైతుబీమా. ఆడపిల్ల పెళ్లికి 1,00,116. బాసర వైపు ఇచ్చిన కూతురు పండక్కి వచ్చి ఇవన్నీ చెబుతుంటే ఇక్కడి తండ్రికి కడుపు మండదా? 2019 సెప్టెంబర్‌లో నాయ్‌గావ్, భోకర్, దెగ్లూర్, కిన్వట్, హద్‌గావ్ నాయకులు హైదరాబాద్ వెళ్లి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌ను కలిశారు కూడా.

బంద్ వద్దన్నది నా అభిప్రాయం. అలాగని నోరు మూసుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమూ వద్దు. జనం కోపంలో మన వాటా ఎంతో ముందు మనం లెక్క తేల్చుకోవాలి. అది తేల్చుకున్నాక ప్రభుత్వం బాకీ ఎంతో కాగితం మీద రాసి, సంఘం పేరుతో, సంతకాలతో అడగాలి. ఊళ్లో పెద్దమనిషి అనిపించుకునే వ్యాపారి చేయాల్సింది ఇదే అనుకుంటున్నాను.

దెగ్లూర్ బట్టల షాపు:

అన్నా, నీ మీద గౌరవంతోనే అంటున్నా, రెండూ వద్దు. నా షాపుకు మద్నూర్ నుంచి తెలుగోళ్లు వస్తారు, ఇటు ముఖేడ్ నుంచి మరాఠీవాళ్లు వస్తారు. విలీనం కాగితం మీద సంతకం పెట్టానని తెలిస్తే సగం మంది మెట్లెక్కరు. వద్దన్నానని తెలిస్తే మిగతా సగం ఎక్కరు. రేపు ఏదో ఒక ఆఫీసు నుంచి తనిఖీకి వస్తే పార్టీవాళ్లు అడ్డం నిలబడరు. పది మందికి జీతాలిచ్చేవాడు ఆ జీతాలు సక్రమంగా ఇస్తే చాలు, నాయకత్వం అంటే నా లెక్కలో అదే.

బిలోలి రైతు:

అడ్తి సేట్ గారూ, మా కోపంలో మీ వాటా గురించి మీ నోటితోనే అన్నారు కాబట్టి ఆ సంగతే అడుగుతా.

2024లో సోయాకు కేంద్రం మద్దతు ధర క్వింటాలుకు 4,892. యార్డులో నా సరుకు 4,000 దాటడానికే గింజుకుంది. సరే, రేటు మీ చేతుల్లో లేదు, నూనె దిగుమతులు, పిండి ఎగుమతులు అవన్నీ పెద్ద లెక్కలు. ఒప్పుకుంటా. మరి తేమ మిషన్ మీ గుమాస్తా చేతుల్లోనే ఉంది కదా? సంచి తరుగని, మట్టి తరుగని, శాంపిల్ అని తీసిన దోసెడు గింజలు ఎవరి ఖాతాలోకి పోతున్నాయి? ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 12 శాతం దాటితే ముట్టుకోలేదు. నవంబర్‌లో ఎన్నికలు దగ్గరపడ్డాక దాన్ని 15 చేశారు. అప్పటికే నాలాంటోళ్లు అమ్మేసుకున్నారు. ఎందుకమ్ముకున్నామంటే విత్తనానికి, మందుకు ఉద్దెర ఇచ్చిన దుకాణమే పంట కూడా కొంటుంది. దసరా దాటాక ఆగనివ్వదు.

తెలంగాణలో కలిస్తే ఇవన్నీ పోతాయని నాకూ నమ్మకం లేదు. అయినా విలీనం అని అరిచినప్పుడే కదా కలెక్టర్ మా ఊరి పేరు వింటాడు!

నిజామాబాద్ నుంచి ఒక అకౌంటెంట్:

మాది బిలోలి దగ్గరి ఊరే, పనికోసం ఇక్కడున్నాను. అవతలి ఒడ్డు పచ్చగా కనిపిస్తున్నవాళ్లకు రెండు సంగతులు చెప్పాలి.

మీకు అన్నిటికన్నా దగ్గరున్న ఫ్యాక్టరీ బోధన్ శక్కర్‌నగర్ నిజాం షుగర్స్. 1937లో కట్టింది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. మీరు కలుస్తామంటున్న రాష్ట్రం ఏర్పడ్డాకే మూతపడింది. ఇక 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఇదే నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ముఖ్యమంత్రి కూతురే ఓడిపోయారు. రైతుబంధు అందుకుంటున్న రైతులే అంత కోపంగా ఉన్నారంటే మన ఊళ్లవాళ్లు కొంచెం ఆగి ఆలోచించాలి. పైగా రైతుబంధు పట్టాదారుకే ఇచ్చారు, కౌలుకు దున్నేవాడికి పైసా రాలేదు. మన సరిహద్దు ఊళ్లలో కౌలు మీద బతికేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

ఇంకో మాట. ఈ మధ్య తేడా తగ్గింది. 2023 నుంచి మహారాష్ట్ర కూడా కేంద్రం ఇచ్చే 6,000కు తోడు ఇంకో 6,000 ఇస్తోంది. 2024 ఏప్రిల్ నుంచి 7.5 హెచ్‌పీ వరకు పంపుసెట్లకు కరెంటు ఉచితమన్నారు. జూలై నుంచి ఆడవాళ్ల ఖాతాలో నెలకు 1,500. 2018 నాటి లెక్కతో ఈరోజు బంద్ పెడితే నిలబడదు.

కిన్వట్ పప్పు మిల్లు:

నేను చిన్న మిల్లు నడుపుతాను, పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. పథకాల లెక్క బాగానే చెప్పారు తమ్ముడూ, అది విన్నాక కూడా నాకు ఊరట కలగలేదు. ఇక్కడి బాధ నెలకు ఎంత పడుతుందన్న దానితో తీరేది కాదు. మమ్మల్ని లెక్కలోకి తీసుకునేవాళ్లు లేరు. 1956 దాకా మనం హైదరాబాద్ రాష్ట్రం. ఆ తర్వాత బొంబాయి, 1960 నుంచి మహారాష్ట్ర. మరాఠ్వాడాకు న్యాయం చేస్తామని 1953లో నాగపూర్ ఒప్పందంలో రాసుకున్నారు. అభివృద్ధి బోర్డు పెట్టడానికే 1994 అయింది. 2020 ఏప్రిల్‌లో దాని గడువు తీరిపోయింది. తీరిందని మా మిల్లులో ఎవరికీ తెలియదు, తెలియజేసినవాళ్లూ లేరు. మరాఠ్వాడాలోనే మేం చివర, అందులోనూ ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా పిల్ల ఫారం నింపాలన్నా ఇంకొకరి సాయం కావాలి.

దెగ్లూర్ అన్నయ్య జీతాలిస్తే చాలన్నారు. నేనూ ఇస్తున్నాను. కానీ ఒంటరి ఆడమనిషి పెన్షన్ కోసం తహసీల్ చుట్టూ తిరుగుతూ పనికి రాకపోతే నా మిల్లే ఆగుతుంది. ఆమె కష్టం రాజకీయం, నా మిల్లు వ్యాపారం అని నేనెట్లా గీత గీసుకోను?

ధర్మాబాద్ అడ్తి:

కిన్వట్ అక్క మాటతో నాకూ ధైర్యం వచ్చింది. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు బిలోలి రైతుగారికి. మీరు అడిగినవన్నీ సరైనవే. తరుగు, శాంపిల్, ఉద్దెరతో ముడిపెట్టి కొనడం, ఈ మూడూ మన యార్డుల్లో ఉన్నాయి. ప్రభుత్వం ఆర్డర్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, సంఘం తలుచుకుంటే ఎత్తేయొచ్చు. 2016లో కూరగాయలు, పండ్ల మీద రైతు దగ్గర అడ్తి కమీషన్ తీసుకోవద్దని రాష్ట్రం చెప్పినప్పుడు వ్యాపారులు చాలాచోట్ల సమ్మెకు దిగారు. వ్యాపారం మునిగిపోతుందన్నారు. మునగలేదు, కొనేవాడి మీదికి మారింది, అంతే. అందుకే నా పట్టుదల ఏమిటంటే మన అర్జీలో మొదటి పేజీ మన హామీలే ఉండాలి. తేమ మిషన్ రైతు కళ్ల ముందు పెడతాం, రైతుకిచ్చే లెక్క చీటీ, అంటే పట్టీలో తరుగు అనే గడి ఉండదు, తూకమైన రోజే డబ్బు. ఆ పేజీ లేకుండా రెండో పేజీతో కలెక్టర్ దగ్గరికి వెళ్లే హక్కు మనకు లేదు.

రెండో పేజీలో నీళ్లు. అసలు బాధ అక్కడే ఉంది, గ్రూపులో దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు. 2010 జూలైలో చంద్రబాబు నాయుడు గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ చూస్తానని వస్తే ధర్మాబాద్‌లో అరెస్ట్ చేశారు. ఆ గొడవ అందరికీ గుర్తుంది, 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఏం చెప్పిందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా బాబ్లీ గేట్లు ఎత్తే ఉంచాలి. గోదావరి నిండుగా పారే రోజులన్నీ అవే. గేట్లు దించాక ఎంత నిలిస్తే అంతే మనకు. కట్టింది 2.74 టీఎంసీలకు. అందులోంచి మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి. నది ఒడ్డునే ఉండి మిర్చికి, పసుపుకు చివరి తడి అందక ఎండబెట్టుకున్న రైతులు నా దుకాణానికే వస్తారు. విలీనమైతే ఈ బాధ పోతుందా? శ్రీరాంసాగర్ కింది రైతు తన నీళ్లు ఎందుకు వదులుకుంటాడు? అప్పుడు కోర్టుకెళ్లడానికి మన తరఫున ఒక రాష్ట్రం కూడా మిగలదు. అందుకే తీర్పు లోపలే ఏం చేయొచ్చో అడగాలి. నిల్వ ఉన్న నీళ్లు ఎత్తి పొలాలకు ఇచ్చే పంపులకు తెగని కరెంటు, ఊరి వాగుల మీద చెక్‌డ్యాములు.

నినాదంతో పని జరగదా అంటే కొంత జరుగుతుంది, అది నేను దాచను. సాంగ్లీ జిల్లా జత్ తాలూకా ఊళ్లు నీళ్లు ఇవ్వకపోతే కర్ణాటకలో కలుస్తామని 2012లో తీర్మానం చేశాయి. పదేళ్లు పలికినవాళ్లు లేరు. 2022 చివర్లో కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మై ఆ మాట ఎత్తగానే ముంబైలో కదలిక వచ్చింది, మ్హైసాళ్ ఎత్తిపోతల విస్తరణకు డబ్బు మాట వచ్చింది. కానీ ఒకటి గమనించండి. వాళ్ల తీర్మానంలో ఏ నీళ్లు, ఏ ఊళ్లకు అన్నది స్పష్టంగా ఉంది. మన బంద్ పోస్టర్‌లో విలీనం అన్న మాట ఒక్కటే ఉంది. రాజ్యాంగం 3వ అధికరణ ప్రకారం సరిహద్దు మార్చేది పార్లమెంటు. ధర్మాబాద్‌లో షట్టర్లు దించితే ఆరోజు హమాలీ కూలి పోతుంది, ఢిల్లీలో ఏమీ కదలదు.

దెగ్లూర్ తమ్ముడూ, భయం నిజమే. 2019 నవంబర్‌లో ముంబైలో అమిత్ షా ఎదుటే పారిశ్రామికవేత్త రాహుల్ బజాజ్ లేచి, ప్రభుత్వాన్ని విమర్శించాలంటే వ్యాపారులు భయపడుతున్నారని చెప్పారు. ఎదురుగా చెప్పారు, పేరుతో చెప్పారు. భయపడాల్సిన పనిలేదని మంత్రి జవాబిచ్చారు. మన తహసీల్దార్ ముందు ఆ మాత్రం నిలబడలేమా?

దెగ్లూర్ బట్టల షాపు:

అన్నా, ఆయనకు ఫ్యాక్టరీలుండేవి, దేశమంతా పేరుండేది. నాకు ఒక షాపు, బ్యాంకు లోను ఉన్నాయి. ఆ పోలిక నాకు సరిపోదు. పేరున్నోడు మాట్లాడితే వార్త, నేను మాట్లాడితే నోటీసు. ఈ టెన్షన్ నాది ఒక్కడిదే అనుకోవద్దు, నీ సంఘంలో సగం మందిది. పైకి చెప్పరు.

హమాలీ కొడుకు:

నేను పుణెలో డెలివరీ పని చేస్తున్నా. మా బాపు యార్డులో సంచులు మోస్తాడు. ఇంతమంది రాశారు, రైతు వచ్చాడు, సేట్ వచ్చాడు, ఆడవాళ్ల మాటా వచ్చింది. హమాలీ రేటు మాత్రం బంద్ రోజు పోయే కూలి కిందే వచ్చింది. మీ మొదటి పేజీలో మా బాపు సంచి రేటు ఉంటుందా? సరిగ్గా కూలి దొరికితే మా ఊరి పిల్లలు పుణె, హైదరాబాద్ ఎందుకు పోతారు? మీ సంతకాలకన్నా ముందు నాకు అది చెప్పండి.

నాందేడ్ రిటైర్డ్ టీచర్:

ఈ అబ్బాయి అడిగింది కొత్త ప్రశ్న కాదు. 1918లో అహ్మదాబాద్‌లో మిల్లు కార్మికులకు ఇస్తున్న ప్లేగు బోనస్ ఆపేసినప్పుడు వాళ్లు 50 శాతం పెంచమన్నారు, యజమానులు 20 అన్నారు. యజమానుల పక్షాన పెద్ద అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలబడింది ఆయన సొంత అక్క అనసూయ. గాంధీ ఉపవాసం కూర్చున్నారు. చివరికి మధ్యవర్తి 35 శాతం అని తేల్చాడు. అంబాలాల్ చివరిదాకా యజమానే, అక్కతో బంధమూ తెంచుకోలేదు. మధ్యవర్తి మాటకు కట్టుబడ్డాడు. మన ఊళ్లో రైతు, హమాలీ, సేట్ ముగ్గురూ ఒప్పుకునే మధ్యవర్తి ఎవరున్నారు? విలీనం సంగతి తర్వాత, ముందు నాకు ఆ పేరు కావాలి.

ధర్మాబాద్ అడ్తి:

సార్, మీ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికి పేరు లేదు. వెతుకుతాం. రైతుల నుంచి ఇద్దరు, హమాలీల నుంచి ఇద్దరు లేకుండా సంఘం మీటింగ్ పెట్టకూడదని రేపు గ్రూపులో అడుగుతాను. హమాలీ రేటు మొదటి పేజీలోనే ఉంటుంది తమ్ముడూ. ఎంత ఉండాలో మీ బాపునే వచ్చి చెప్పమను.

దెగ్లూర్ తమ్ముడూ, నీ భయానికి ఒక దారి చెబుతా. వ్యక్తుల పేర్లు వద్దు, సంఘం ముద్ర మాత్రమే వేద్దాం. ఏ పార్టీ నాయకుడినీ పిలవొద్దు, ఫోటోలొద్దు. విలీనం అన్న మాటా ఉండదు. అప్పుడైనా వస్తావా?

దెగ్లూర్ బట్టల షాపు:

సంఘం ముద్ర అయితే ఆలోచిస్తా. బంద్‌కు మాత్రం నా షట్టర్ దించను, అది ఖరారు.

బిలోలి రైతు:

సేట్, కాగితాలు చాలా చూశాం. తరుగు గడి లేని పట్టీ ఒకటి మీ దుకాణంలో రాసి, ఫోటో ఇక్కడ పెట్టండి. అది చూశాక మా ఊళ్లో సంతకాలు నేను దగ్గరుండి పెట్టిస్తా. అప్పటిదాకా మా పిల్లలు విలీనం అని అరుస్తుంటే నేను ఆపను.

ధర్మాబాద్ అడ్తి:

ఒప్పుకున్నాను. కొత్త మిర్చి వచ్చేదాకా కూడా ఆగను, ఇప్పుడు వస్తున్న సోయా నుంచే మొదలుపెడతాను. పక్క దుకాణాలవాళ్లు నా మీద కోపానికి వస్తారు, వాళ్లతో నేను మాట్లాడుకుంటాను. పట్టీ ఫోటో ఇక్కడే పెడతాను.