నాన్నకు వచ్చింది మతిమరుపా, దిగులా? ఎవరికి చూపించాలి?

ఖమ్మం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా నాన్న గురించి అడగాలి. వయసు 68. ఆర్టీసీలో 34 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అమ్మ పోయి పదకొండు నెలలైంది, వచ్చే నెలలో సంవత్సరీకం. నేను హైదరాబాదులో ఉంటాను, నాన్న ఖమ్మంలో తమ్ముడి దగ్గర ఉంటారు.

ఆయనకు ఒక అలవాటు ఉంది. రోజూ రాత్రి భోజనానికి ముందు పొడుగాటి పుస్తకంలో ఆ రోజు ఖర్చు రాస్తారు. పాలు, కూరలు, మందులు, గుడి హుండీలో వేసిన రెండు రూపాయలతో సహా. అమ్మ పోయిన రోజు కూడా పూలకు ఎంత, ఆటోకు ఎంత అని రాశారు. మొన్న దసరాకు వెళ్లినప్పుడు ఆ పుస్తకం తీసి చూశాను. శ్రావణమాసంలో ఒక రోజు "ఉల్లిపాయలు కిలో" అని ఉంది. ధర వేయలేదు. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే.

అది చూశాక మిగతావి కంటబడ్డాయి. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారట, రెండుసార్లు గిన్నె మాడింది. పిల్లలు బడి నుంచి వచ్చారా అని ఒకే ఫోనులో రెండుసార్లు అడుగుతారు. తెల్లవారుజామున మూడింటికే లేచి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటారు. బాగా చిక్కిపోయారు. బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడుచుకున్నారు, ఒకటి కాదు, రెండు. అడిగితే "ఏమీ లేదమ్మా, తినబుద్ధి కావడం లేదు" అంటారు. ఒకసారి మాత్రం "మీ అమ్మ వెనకే నేనూ పోయి ఉంటే బాగుండేది" అన్నారు.

ఇది మతిమరుపు జబ్బా, దిగులా? నరాల డాక్టరుకు చూపించాలా, మానసిక వైద్యుడికా? అక్కడ ఏం చేస్తారు? తమ్ముడి భయం వేరు. మానసిక వైద్యుడి చీటీ ఉంటే రేపు నాన్న సంతకం చెల్లదని, పొలం కాగితాలు ఆగిపోతాయని ఎవరో చెప్పారట. మా పిన్ని అయితే "నీ తండ్రిని ఎర్రగడ్డకు తీసుకెళ్తావా" అని ఏడ్చింది. నలుగురిలో ఆయన తల దించుకునేలా కాకుండా ఈ పని ఎలా చేయాలో తెలిసినవారు చెప్పండి.

తులసికోట:

అమ్మా, ఇది చదువుతుంటే మా అత్తగారే గుర్తొచ్చారు. ముసలితనంలో ఇంతేలే అనుకుని మేము ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాం. మీరు అలా చేయకండి.

ముందు నాన్నగారు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేయండి. బీపీవి, షుగరువి, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేదం పొడులు, ఏవీ వదలకండి. సంచి అలాగే డాక్టరు ముందు పెట్టండి. మా అత్తగారు నాలుగేళ్లుగా నిద్రమాత్ర వేసుకుంటున్నారని మాకు ఆ సంచి విప్పిన రోజే తెలిసింది. పెద్దవయసులో అలాంటి మాత్రలు కొన్ని జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయని డాక్టరు చెప్పారు. అలాగని మీ అంతట మీరు ఏదీ ఆపకండి. హఠాత్తుగా మానేసినా ప్రమాదమే, మాకు కొద్దికొద్దిగా తగ్గించారు. రక్తపరీక్షలో బి12 విటమిన్ కూడా బాగా తక్కువ వచ్చింది. థైరాయిడ్, బి12, సోడియం, వీటిలో ఏది తేడా చేసినా మనిషి మబ్బుగా అయిపోవచ్చు. ఆ పరీక్షలు చేయించమని అడగండి.

అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్లకండి. మేము కళ్ల డాక్టరని చెప్పాం. ఆవిడ బోర్డు చదివి మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఆ ముఖం నేను ఇప్పటికీ మరిచిపోలేను. "నిద్ర పట్టడం లేదు, తిండి సహించడం లేదు, దానికి చూపిద్దాం నాన్నా" అనండి. అది నిజమే కదా.

మూడో గది:

నేను ప్రభుత్వాసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. అన్నిటికన్నా ముందు ఆయన అన్న ఆ ఒక్క మాట సంగతి చూడండి. తోడు పోయిన దుఃఖంలో చాలామంది అలా అంటారు, అయినా అడిగి తెలుసుకోవాలి. "నాన్నా, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఏదైనా చేసుకోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందనుకోవడం అపోహ. అవునన్నారంటే అపాయింట్‌మెంటు కోసం ఆగకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. పొలం ఉందన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే ఇవాళే బయటికి పంపించేయండి. 14416 టెలి మానస్ నంబరు దగ్గర ఉంచుకోండి. మానసిక సమస్యలకు ఫోనులో సాయం చేసే ప్రభుత్వ సేవ, 2022 అక్టోబరులో మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీరూ మీ తమ్ముడూ కూడా చేయవచ్చు.

ఇక ఎవరి దగ్గరికి అంటే, ముందు మానసిక వైద్యుడి దగ్గరికి. ఎంబీబీఎస్ తర్వాత సైకియాట్రీలో ఎండీ చేసినవారు. మందులు రాసేది వారే. మేము పరీక్షలు పెడతాం, మాటలతో చికిత్స చేస్తాం, మందులు రాయం. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకునేవారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగండి, మొహమాటపడకండి. స్కానింగో నరాల డాక్టరో అవసరమైతే మానసిక వైద్యుడే పంపిస్తారు. ఎర్రగడ్డ దాకా వెళ్లనక్కర్లేదు, వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రిలో ఈ విభాగం ఉంటుంది.

లోపల జరిగేది చాలావరకు మాటలే. ఆయనతో విడిగా మాట్లాడతారు, తర్వాత మీతో. జ్ఞాపకానికి 30 మార్కుల పరీక్ష ఒకటి ఉంది. ఇవాళ ఏ తేదీ, ఇది ఏ ఊరు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ అడగడం, వందలోంచి ఏడేసి తీసివేయడం, ఇలా సాగుతుంది. దిగులుకు పెద్దవాళ్ల కోసమే తయారుచేసిన 15 ప్రశ్నలున్నాయి, అవును కాదు అని చెబితే చాలు. దిగులు వల్ల వచ్చే మతిమరుపులో చాలామంది ప్రయత్నించకుండానే "తెలియదు" అనేస్తారు. డిమెన్షియాలో, అంటే మతిమరుపు జబ్బులో అయితే ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుకోవడం ఎక్కువ. ఇంత మాత్రాన తేలిపోదు, రెండూ కలిసి ఉండవచ్చు కూడా. పక్కన కూర్చున్న మీరు జవాబులు అందించకండి. ప్రేమకొద్దీ అందరూ చేసే పొరపాటు అది. ఆ లెక్కల పుస్తకం తప్పకుండా తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి మొదలైందో మాకు తేదీతో సహా చెప్పే సాక్ష్యం దొరకడం చాలా అరుదు.

పాత గుమాస్తా:

అమ్మాయీ, నేను కోర్టులో పనిచేసి రిటైరయ్యాను. మీ తమ్ముడికి ఇది చూపించు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని మూడో సెక్షన్ ప్రకారం, మానసిక వ్యాధి ఉందని తేలినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివాడిగా లెక్కించకూడదు. అలా ప్రకటించవలసింది కోర్టు. సంతకం చేసేటప్పుడు ఆ కాగితం సంగతి ఆయనకు అర్థమైందా లేదా అన్నదే చూస్తారు, మందుల చీటీని కాదు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతోంది. పొలం ఎక్కడికీ పోదు. ముందు మీ నాన్నకు వైద్యం చేయించండి.

ఖమ్మం ఆడపడుచు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

సూటిగా అడగమన్నారు కదా, ఆ రాత్రే నోరు పెగల్చుకుని అడిగాను. కోప్పడతారనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. "చేసుకునే ఆలోచన లేదమ్మా, పొద్దున్న లేవాలని మాత్రం ఉండదు" అన్నారు. తమ్ముడు పక్కనే ఉన్నాడు. మర్నాడు ఆసుపత్రికి వెళ్దామన్నది వాడే. కొట్టంలో ఉన్న మందుడబ్బాలు కూడా తీసుకెళ్లి మామయ్య ఇంట్లో పెట్టి వచ్చాడు.

డాక్టరు నాన్నతో ఒక్కరితోనే నలభై నిమిషాలు మాట్లాడారు. పరీక్ష పెట్టినప్పుడు మమ్మల్ని లోపలికి పిలిచారు. వందలోంచి ఏడు తీయమంటే 93, 86, 79, 72, 65 అని ఆగకుండా చెప్పేశారు, చిల్లర లెక్కపెట్టిన బుర్ర కదా. మూడు మాటల్లో రెండోది అడిగితే మాత్రం "నాకు తెలియదండీ" అన్నారు. నేను పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. మీ జీవితం ఖాళీగా అనిపిస్తోందా అని అడిగినప్పుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు, జవాబు చెప్పలేదు. డాక్టరు కూడా తొందరపెట్టలేదు.

థైరాయిడ్ తేడా వచ్చింది. దానికీ దిగులుకూ మందులు మొదలుపెట్టారు. దిగులు మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కాస్త వికారం ఉండవచ్చని ముందే చెప్పారు. జ్ఞాపకం సంగతి ఇప్పుడే తేల్చలేమని, దిగులు తగ్గాక మూడు నెలలకు మళ్లీ పరీక్షిస్తామని అన్నారు. ఆ మాట నాకు ఇంకా గుండెల్లో గుచ్చుకుంటూనే ఉంది.

నిన్న తమ్ముడు పుస్తకం ఫోటో తీసి పంపాడు. ఆసుపత్రికి వెళ్లిన ఆటో, మాత్రలు, రెండు టీలు, అన్నీ రాశారు. తేదీ మాత్రం ఒక రోజు తప్పు వేశారు. అది కూడా ఈసారి డాక్టరుకు చూపిస్తాను.