నీళ్లు పెడితే మడి కుంగుతోంది, బొక్క పడుతోంది. ఎందుకు?

బంతితోట, హన్మకొండ:
పొద్దున ఏడింటి నుంచి ఇదే పని, ఇగ నాతోని కాదు. ఇంటి ముందర మడి చేసి బంతి నారు పెట్టిన. పైపుతో నీళ్లు పెట్టగానే మట్టి కిందికి దిగుతోంది, నడుమ గిన్నంత బొక్క పడుతోంది. తట్టతో మట్టి తెచ్చి నింపుతున్న, మళ్ల నీళ్లు పెడితే మళ్ల అంతే. ఆదివారం నుంచి 30 తట్టలు పోసి ఉంటా. పక్కనే టమాట మడి ఉంది, దానికి ఏం కాలేదు. మట్టి మంచిదే, నర్సరీ నుంచి తెచ్చిందే. నాలుగు మొక్కలు ఇప్పటికే లోపలికి పోయినయ్. తెలిసినవాళ్లు జల్ది చెప్పండి.

పొలంగట్టు:
పందికొక్కు.

పొలంగట్టు:
బొక్కలో నీళ్లు నింపితే బయటికొస్తది. కర్ర పట్టుకొని నిలబడండి.

బంతితోట:
అన్నా, గంటసేపు పైపు అందులోనే పెట్టి వదిలేసిన. నిండనే లేదు. ఏదీ బయటికి రాలేదు.

ప్రకృతి సేద్యం:
అమ్మా, ముందు నర్సరీ మట్టి కొనడం మానండి. అందులో ప్రాణం ఉండదు. వానపాము లేని నేలకు కట్టు ఉండదు, నీళ్లు తగలగానే కూలబడుతుంది. జీవామృతం అనే ఎరువు చేసి నేలకు పోయండి: 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి. ఇవన్నీ 200 లీటర్ల నీళ్లలో కలిపి నీడలో 48 గంటలు ఉంచండి, పొద్దున సాయంత్రం కర్రతో తిప్పండి. పైన ఎండుటాకులు కప్పండి. రెండు నెలల్లో మీ నేల మీరే గుర్తుపట్టరు.

బంతితోట:
సార్, ఆ 200 లీటర్లు ఎకరానికి కదా. నాది మంచమంత మడి.

ప్రకృతి సేద్యం:
తగ్గించి చేసుకోవచ్చు. సూత్రం అదే.

రేగడి నేల, గుంటూరు:
మీది నల్లరేగడి అయ్యుంటుందండీ. మా వైపు ఎండాకాలం నేల నెర్రెలిస్తే చెయ్యి మోచేతి దాకా దిగుతుంది. తొలి తడి మొత్తం ఆ నెర్రెల్లోకే పోతుంది. రెండు మూడు తడులు నెమ్మదిగా ఇస్తే నేల ఉబ్బి అవే మూసుకుంటాయి. కంగారు పడకండి.

బంతితోట:
నల్లది కాదండి, ఎర్రమట్టి. హన్మకొండ అని రాసిన కదా.

రేగడి నేల, గుంటూరు:
హన్మకొండ అయితే ఎర్రదే ఉండాలనేముందండీ? వరంగల్ వైపు నల్లరేగడిలో పత్తి పండట్లేదా?

చెలక మనిషి:
ఎర్రది అంటే చెలకనా, దుబ్బనా? రెండూ ఒకటి కావు. దుబ్బలో ఇసుక ఎక్కువ, నీళ్లు ఆగవు.

రేగడి నేల, గుంటూరు:
దుబ్బంటే మా ఊళ్లో దుమ్మండీ. నేల పేరు కాదు.

చెలక మనిషి:
మీ ఊళ్లో కాదు సార్ మడి ఉన్నది.

సైట్ సూపర్వైజర్:
నేల రంగు తర్వాత చూద్దాం. మేడమ్, కొన్ని సంగతులు చెప్పండి. బొక్క మూతి దగ్గర మట్టి కుప్ప ఉందా? పందికొక్కు తవ్వితే మట్టి బయటికి తోస్తది, మూతి పక్కన కుప్ప కనబడాలి. అంచులన్నీ లోపలికే వాలి, బయట పిడికెడు మట్టి కూడా లేదంటే అది తవ్విన బొక్క కాదు, కింద ఖాళీ ఉంది. ఆ ఖాళీ ఎక్కడిదన్నదే అసలు సంగతి. ఆ జాగాలో ఇంతకుముందు ఏముండె? కొట్టేసిన చెట్టు మొద్దు, సెప్టిక్ ట్యాంకు, పైపు లైను, పునాది గుంత? పునాది పక్కన ఇటుక ముక్కలు, పెచ్చులు పోసి పైన మట్టి కప్పుతరు. రెండు వానలకు అది కుంగుతది. అదైతే భయం లేదు. తవ్వి, ఆరు అంగుళాల మందం మట్టి వేసుకుంట, తడుపుకుంట, దిమ్మిసతో కొట్టుకుంట పైకి రావాలి.

బంతితోట:
కుప్ప లేదు. అంచులు లోపలికే ఉన్నయ్, గరాటు లెక్క. చెట్టేం లేకుండె. సెప్టిక్ ట్యాంకు వెనకాల ఉంది, పైపు లైను కూడా అటే. పునాది ఎనిమిది అడుగుల దూరం. పాత బోరు ఒకటి ఉండె గానీ అది ఎప్పుడో ఎండిపోయింది, నాలుగేండ్ల కింద మూసేసినం. దానికీ మడికీ ఏం సంబంధం లేదు.

సైట్ సూపర్వైజర్:
మూసేసిండ్రు అంటే ఎట్ల మూసిండ్రు? బోర్లోకి దించిన కేసింగ్ పైపు ఉందా, పీకిండ్రా?

బంతితోట:
కేసింగ్ పీకి వెనకాల వేసిన కొత్త బోరుకు వాడినం. అప్పట్ల ఒక్క పైపు ధర చూసి మామయ్య ఊరుకోలే. పాతదాని మీద బండ పెట్టి మట్టి కప్పిండ్రు. తర్వాత గేటు పని చేసినప్పుడు ఆ బండ తీసిండ్రో ఉంచిండ్రో నాకు తెల్వదు.

సైట్ సూపర్వైజర్:
మేడమ్, ఇప్పటికిప్పుడు పైపు కట్టేయండి. తట్ట పట్టుకొని ఆ మడిలోకి దిగకండి. పిల్లలుంటే అటు పోనీయకండి.

కేసింగ్ వేసేదే పైన ఉన్న మెత్తటి నేల కూలకుండ. కింద రాయి తగిలినంక అక్కర లేదు, రాయి దానంతట అదే నిలబడుతది. మీరు కేసింగ్ పీకితే పైభాగం పక్కల నుంచి ఊడి బోర్లోకి పడుతుంటది. అందుకే బోరు ఆరున్నర అంగుళాలే అయినా పైన మట్టి కింద ఎంత వెడల్పు ఖాళీ ఉందో బయటికి కనబడదు. పొడి మట్టి దాని మీద కమాను లెక్క నిలబడి ఉంటది. నీళ్లు పెట్టినప్పుడు బరువు పెరుగుతది, పట్టు పోతది, కూలుతది. మీకు నీళ్లు పెట్టినప్పుడే కుంగేది అందుకే.

బంతితోట:
అమ్మో. మా చిన్నోడు అక్కడనే ఆడుతడు. కానీ అన్నా, 30 తట్టలు పోసిన, నిండాలె కదా?

సైట్ సూపర్వైజర్:
బోరు ఎంత లోతు?

బంతితోట:
400 ఫీట్లు అన్నరు.

సైట్ సూపర్వైజర్:
ఆరున్నర అంగుళాల బోరు 400 అడుగులంటే దగ్గర దగ్గర 92 ఘనపుటడుగులు. తట్టకు అర ఘనపుటడుగు అనుకుంటే మీరు పోసింది 15. పక్కల నుంచి కూలిన ఖాళీ దీనికి అదనం. పైగా తడి మట్టి అడుగు దాకా పోదు, నడుమల ఇరుక్కొని సీసాకు పెట్టే బూచు లెక్క అయితది. పైన నిండినట్టు కనబడుతది, కింద ఖాళీ అట్లనే ఉంటది, మళ్లొక రోజు జారుతది. తట్టెడు తట్టెడు పోసి చేతులు దులుపుకునే పని కాదిది.

చుట్టూ దూరంగ కర్రలు పాతి తాడు కట్టండి. మున్సిపాలిటీ వాళ్లకు చెప్పండి, బోరు బండి వాళ్లనెవరినైనా పిలిచి మూతి ఎక్కడుందో చూపియ్యండి. బండ అయినా రేకు అయినా కప్పి వదిలేస్తే మూసినట్టు కాదు. పిల్లలు పడుతున్నరనే సుప్రీంకోర్టు 2010లో చెప్పింది, వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లు, గులకరాళ్లు ఇట్లాంటివాటితో నింపాలని. ముందు చిన్న రాయి కొద్దికొద్దిగ వదలాలి, ఒక్కసారి గుమ్మరిస్తే ఇరుక్కుంటది. పైన మొరం వేసి తడిపి దిమ్మిస కొట్టాలి.

రేగడి నేల, గుంటూరు:
మొరం అంటే గ్రావెలేనా?

చెలక మనిషి:
గ్రావెల్ అంటే కంకర. మొరం వేరు.

రేగడి నేల, గుంటూరు:
మా దగ్గర రోడ్డుకు తోలే ఎర్ర గ్రావెలేనండీ మీరనేది. కంకర అంటే క్రషర్ రాయి.

చెలక మనిషి:
ఎర్రగ ఉన్నదల్లా మొరం కాదు. చేత్తో నలిపి చూస్తే తెలుస్తది.

ప్రకృతి సేద్యం:
బోర్ల మీద బోర్లు వేసుకుంటూ పోతే ఇంతే. ఇంటికో ఇంకుడు గుంత తవ్వితే ఆ 400 అడుగులు పోయే అవసరమే రాకపోను. నేను పదేళ్ల నుంచి చెబుతున్నా.

సైట్ సూపర్వైజర్:
సార్, ఆమె ముందర ఇప్పుడున్న గుంత సంగతి చూడనియ్యండి.

పొలంగట్టు:
నాకైతే పందికొక్కనే అనిపిస్తుంది.

బంతితోట:
మూడు రోజులైంది, చెప్పడం మర్చిపోయిన. బోరు బండి ఆయన వచ్చి పలుగుతో దూరం నుంచి పొడిచి చూసిండు, అదే. మూతి మడికి సరిగ్గ నడుమల ఉంది. బండ లేదు, గేటు పని వాళ్లు అరుగు కింద పెట్టుకున్నరు. నిన్నటి నుంచి చిన్న రాయి వదులుతున్నరు, ఇంకా మింగుతనే ఉంది. థాంక్స్ అన్నా. బంతి కుండీలల్ల పెట్టుకున్న. పందికొక్కు మాత్రం కాదు.

పొలంగట్టు:
టమాట మడి కూడా ఒకసారి చూడండి.