ఇ.కోలై రిపోర్టులో మందులన్నీ రెసిస్టెంట్: ప్రోబయోటిక్‌తో తగ్గుతుందా?

ఊకషెడ్డు
గన్నవరం పక్కన 4,000 బ్రాయిలర్ల షెడ్డు. వరుసగా రెండు బ్యాచ్‌ల్లో మూడో వారం నుంచి మోర్టాలిటీ. కోసి చూస్తే గుండె మీద, లివర్ మీద తెల్లటి పొర. ల్యాబ్‌లో ఇ.కోలై బ్యాక్టీరియా అని తేల్చారు. ఎన్రోఫ్లాక్సాసిన్, అమాక్సిసిలిన్, ఆక్సీటెట్రాసైక్లిన్ మూడూ ‘ఆర్’ (రెసిస్టెంట్, పని చేయవు). కొలిస్టిన్ ఒక్కటే ‘ఎస్’ (పని చేస్తుంది). మందుల షాపాయన ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా) పౌడరు లీటరుకి గ్రాము చొప్పున బెల్లం నీళ్ళలో కలిపి ఐదు రోజులు పెట్టమంటున్నాడు. తగ్గుతుందా? అసలు ఏ పౌడరు తీసుకోవాలి?

వెట్_కృష్ణాతీరం
ఇప్పుడున్న బ్యాచ్‌కి తగ్గదండి. ఆ తెల్లటి పొర వచ్చిందంటే ఇ.కోలై అప్పటికే రక్తంలో పడిందన్నమాట. చాలాసార్లు అది పేగుల్లోంచి కాదు, గాలిగొట్టంలోంచి వెళ్తుంది. లిట్టర్ (నేల మీద పరిచిన ఊక) దుమ్ములో రెట్టతో పాటు ఎగిరిన ఇ.కోలైని కోడి పీలుస్తుంది. లసోటా (రాణీఖేత్ టీకా) బూస్టర్ రియాక్షనో, అమోనియా ఘాటో అప్పటికే గొంతు లోపలి పొరని దెబ్బతీసి ఉంటే ఇక దానికి అడ్డుండదు. మూడో వారంలోనే ఎందుకు వస్తోందో అక్కడ వెతకండి. షెడ్డులో కోడి ఎత్తుకి వంగితే కళ్ళు మండుతున్నాయంటే అమోనియా 25 పీపీఎం దాటినట్టే లెక్కేసుకోండి.

కొలిస్టిన్ మాట మర్చిపోండి. కోళ్ళు, పశువులు, ఆక్వా, దాణా అన్నిటికీ 2019 జులైలోనే కేంద్రం నిషేధించింది. ఐసీయూలో ఏ మందుకీ లొంగని కేసులకి మిగిలిన కొద్ది మందుల్లో అదొకటి. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జీన్ ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలోని విడి డీఎన్ఏ ముక్క) మీద ఉంటుంది కాబట్టి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దూకుతుంది. 2015లో చైనాలో బయటపెట్టారు. పైగా మందు అద్దిన డిస్కు పెట్టి చూసిన కొలిస్టిన్ ‘ఎస్’ని నమ్మడానికి లేదు. ఆ అణువు పెద్దది, అగార్‌లో (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ) సరిగ్గా పాకదు.

శాంపిల్ ఎక్కణ్ణుంచి తీశారు? రెట్ట నుంచో, పేగు నుంచో అయితే ఇ.కోలై రాకపోతేనే వింత. అప్పుడే చచ్చిన కోడిని, ఏ మందూ మొదలుపెట్టకముందు, గుండె రక్తం లేదా లివర్ నుంచి తీయాలి. కాల్చిన కత్తితో పైభాగం మాడ్చి, లోపలికి స్వాబ్ గుచ్చి, ఐస్ బాక్సులో అదే రోజు ల్యాబ్‌కి చేర్చాలి. పొద్దున చచ్చినది సాయంత్రం కోస్తే పేగుల్లోని బ్యాక్టీరియా అంతటా పాకి ఉంటుంది. ఆ రిపోర్టు చూపించి, పని చేసే మందు డాక్టరు చేతే రాయించుకోండి.

ప్లేట్‌కౌంట్_గుంటూరు
పౌడరు సంగతి నేను చెప్తాను. ప్రోబయోటిక్ పనల్లా చోటు ఆక్రమించడం, అదీ మొదటి రోజు నుంచే. 1973లో ఫిన్లాండ్‌లో నుర్మి, రంటాలా పెద్ద కోడి పేగులోని సరుకు పిల్లలకి తాగించి, సాల్మొనెల్లా నిలదొక్కుకోకుండా ఆపారు. మూడో వారంలో పోస్తే అప్పటికే సీట్లు నిండిపోయి ఉంటాయి.

ప్యాకెట్ మీద బ్యాసిల్లస్ సబ్టిలిస్ లేదా లైకెనిఫార్మిస్, దాని పక్కన స్ట్రెయిన్ నంబరు, గ్రాముకి ఎన్ని సీఎఫ్‌యూ (బతికున్న బ్యాక్టీరియా లెక్క), ఎక్స్‌పైరీ ఉండాలి. ఉత్త ‘ప్రోబయోటిక్ బ్లెండ్’ అని ఉంటే వదిలేయండి. స్ట్రెయిన్ నంబరు లేని ఎంటరోకాకస్ ఫేషియం అసలొద్దు, అదే రెసిస్టెన్స్ జీన్లు మోసుకొచ్చే రకం కావచ్చు. లాక్టోబాసిల్లస్ మంచిదే కానీ పెల్లెట్ మెషిన్‌లో 80 డిగ్రీల ఆవిరికి చస్తుంది. రోహిణి కార్తెలో రేకుల షెడ్డులో పెట్టిన ప్యాకెట్‌లోనూ అంతే. బ్యాసిల్లస్ స్పోర్లు (గట్టి పెంకులో నిద్రపోయే రూపం) రెండూ తట్టుకుంటాయి.

లెక్క: కిలో దాణాకి 100 కోట్ల సీఎఫ్‌యూ. గ్రాముకి 100 కోట్లున్న పౌడరైతే టన్నుకి కిలో చాలు. గ్రాముకి 10 కోట్లదైతే టన్నుకి 10 కిలోలు పడుతుంది, చవక అనుకున్నది అక్కడ తేలిపోతుంది. కిలో పౌడర్ని ముందు 10 కిలోల మొక్కజొన్న నూకలో, దాన్ని 100 కిలోల దాణాలో, ఆ తర్వాతే టన్నులో కలపండి. నేరుగా మిక్సర్లో గుమ్మరిస్తే ఒక బస్తాకి అంతా, ఇంకోదానికి సున్నా.

పాలలో వేసి తోడుకుందా అని చూసి బాగుందనేవాళ్ళున్నారు. బ్యాసిల్లస్‌కి అది పరీక్షే కాదు. ల్యాబ్‌లో శాంపిల్‌ని 80 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచి న్యూట్రియెంట్ అగార్ మీద పోసి లెక్కిస్తే స్పోర్ కౌంట్ వస్తుంది. వేడి చేయని శాంపిల్ మెకాంకీ ప్లేట్ మీద గులాబీ కాలనీలు లేపితే ఆ పౌడర్లో కోలిఫాంలే (ఇ.కోలై లాంటివి) ఉన్నాయని అనుమానించాలి, వాడకండి.

బెల్లం మాత్రం వద్దే వద్దు. నిప్పుల్ లైన్లో జిగురు పట్టి ఇ.కోలైకే ఇల్లు కట్టిస్తుంది.

ఊకషెడ్డు
డాక్టర్ గారూ, యాంటీబయోటిక్ ఇస్తూ పౌడరు కూడా నడపొచ్చా? ఇంకోటి, మా బాబుకి విరేచనాలకి డాక్టరు రాసిన చిన్న వైల్ మీద కూడా బ్యాసిల్లస్ అనే ఉంది. రెండూ ఒకటేనా?

వెట్_కృష్ణాతీరం
రెండూ కలిపి నడిపితే పౌడరు డబ్బులు దండగ. మందు కోర్సు అయ్యాక మర్నాటి నుంచి ఇవ్వండి. ఈ బ్యాచ్ అమ్మే ముందు విత్‌డ్రాయల్ రోజులు (మందు మాంసంలోంచి పోయే గడువు) పూర్తవ్వాలి. వచ్చే బ్యాచ్‌కి పాత లిట్టర్ మొత్తం తీసి కొత్త వరి ఊక పోయండి, ఆ రెసిస్టెంట్ రకం అందులోనే కాచుకుని ఉంటుంది. షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు లైన్లలో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ నింపి ఒక రోజు ఉంచి, మంచినీళ్ళతో బాగా కడిగాకే పిల్లల్ని దించండి. పౌడరు నీళ్ళలోనే ఇవ్వాల్సి వస్తే ఆ పూట క్లోరిన్ ఆపి, లీటరుకి 2.5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి ముందు కలపండి, ఇచ్చాక లైన్ ఫ్లష్ చేయండి.

ప్లేట్‌కౌంట్_గుంటూరు
బాబుది బ్యాసిల్లస్ క్లాసై అయ్యుంటుంది, మామూలుగా 5 మి.లీ.లో 200 కోట్ల స్పోర్లు. ఆ వైల్‌లో వాడే స్ట్రెయిన్లు చాలా యాంటీబయోటిక్‌లని తట్టుకుంటాయి, అందుకే మందుతో పాటే రాస్తారు. లాక్టోబాసిల్లస్ అయితే యాంటీబయోటిక్‌కీ దానికీ రెండు గంటల ఎడం పెట్టాలి. ఏది ఇచ్చినా ఓఆర్ఎస్ మానకండి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి, మెడలో సెంట్రల్ లైన్ ఉన్న రోగులకి మాత్రం డాక్టరు చెప్పకుండా ఏ ప్రోబయోటిక్కూ ఇవ్వొద్దు, వాళ్ళలో అదే రక్తంలోకి ఎక్కిన కేసులున్నాయి. షెడ్డు పౌడరు ఇంట్లో వాడటం, ఇంటి వైల్ షెడ్డులో పోయడం రెండూ వద్దు.