హారర్ కామిక్స్‌లో అంత రక్తం చూపించాక ముగింపు బాకీ ఉంటుందా?

కథాంతం:
జుంజి ఇటో గీసిన ‘ఉజుమాకి’ మాంగా (జపాన్ కామిక్) చదవడం పూర్తిచేశాను. 1998, 1999లలో జపాన్ వారపత్రిక ‘బిగ్ కామిక్ స్పిరిట్స్’లో వచ్చిన కథ ఇది. కురోజు అనే ఊరిని సుడి ఆకారం శాపంలా పట్టుకుంటుంది. షుయిచి అనే కుర్రాడి తండ్రి గుండ్రటి తొట్టిలో తన ఒంటినే సుడిలా చుట్టుకొని చనిపోతాడు. తల్లి సుళ్లకు జడిసి వేలిముద్రలున్న చర్మం కోసేసుకుంటుంది. మనుషులు నత్తలవుతారు, ఆకలికి తాళలేనివాళ్లు ఆ నత్తలను తింటారు. చివరికి షుయిచి, అతని స్నేహితురాలు కిరియె ఊరి కింద ఉన్న సుడి నగరంలో ఒకరినొకరు పెనవేసుకొని ఉండిపోతారు. ఆ నగరాన్ని ఎవరు కట్టారో, శాపం ఎందుకో తేలదు. రక్తం చూపించడం మీద నాకు అభ్యంతరం లేదు. ఇన్ని శరీరాలు నలిగిపోవడం చూడమన్నవాడు కారణం చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆ చావులన్నీ బొమ్మల నైపుణ్యం చూపించుకోవడానికే అనిపిస్తుంది.

నల్లసిరా:
కథాంతం గారూ, కారణం చెప్పకపోవడం వేరు, కథ ముగించకపోవడం వేరు. మొదటి అధ్యాయంలోనే షుయిచి ఈ ఊరు వదిలి వెళ్లిపోదామని కిరియెను అడుగుతాడు. వెళ్లగలరా లేదా అన్నదే అక్కడి నుంచి కథను నడిపే ప్రశ్న. దానికి జవాబు పూర్తిగా దొరుకుతుంది. తుపానుల తర్వాత ఊరు దాటబోయినవాళ్లు మళ్లీ ఊళ్లోకే వచ్చిపడతారు. చివర్లో షుయిచి కదలలేక, నువ్వైనా వెళ్లిపొమ్మంటాడు. కిరియె ఉండిపోతుంది. అప్పటిదాకా శాపం మనుషులను లాక్కుపోయింది. ఇక్కడ ఒక మనిషి తానుగా ఆగింది. ఇంతకంటే గట్టి ముగింపు ఏముంటుంది?

హింసకు వస్తే, మీరు చెప్పిన తల్లి అధ్యాయమే మళ్లీ చదవండి. వేళ్లు కోసుకున్నాక, చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకొని ఉండే వినికిడి భాగం, కర్ణావర్తం, కూడా సుడేనని ఆమెకు తెలుస్తుంది. కత్తెర అందుకొని చెవిలో పొడుచుకుంటుంది. చూడలేని దృశ్యమే, ఒప్పుకుంటాను. కానీ సుడి ఊళ్లోనే కాదు, ఒంట్లోనూ ఉందని పాఠకుడికి నొప్పితో సహా తెలిసేది అక్కడే. ఒంటిని వదిలి ఎక్కడికి పారిపోతారు? ముగింపును నేను నమ్మింది ఆ అధ్యాయం వల్లే. ఇదే సంగతి ఎవరో ముసలి పండితుడి చేత చెప్పించి ఉంటే పేజీ తిప్పగానే మరిచిపోయేవాళ్లం.

పాతసంచిక:
రక్తానికి ముగింపు బాకీ అన్న సూత్రం అమెరికాలో ఒకసారి నియమావళిగానే వచ్చింది. ఇ.సి. కామిక్స్ అనే అక్కడి ప్రచురణ సంస్థ 1950లో హారర్ పత్రికలు మొదలుపెట్టింది. వాటిలో తరచుగా కనబడే పద్ధతి ఇది: ఒకడు హత్య చేస్తాడు, శవం లేచి వచ్చి వాడిని ముక్కలు చేస్తుంది, లెక్క సరిపోతుంది. అయినా 1954 ఏప్రిల్‌లో సెనేట్ ఉపసంఘం వాటి ప్రచురణకర్త విలియం గెయిన్స్ ముందు తెగిన తల ఉన్న ముఖచిత్రం పెట్టి నిలదీసింది. అదే ఏడాది అక్టోబరులో ప్రచురణకర్తల సంఘం ‘కామిక్స్ కోడ్’ తెచ్చింది. పత్రిక పేరులో ‘హారర్’, ‘టెర్రర్’ అనే మాటలు ఉండకూడదు, లేచి నడిచే శవాలు, రక్తపిశాచాలు కూడదు, ప్రతి కథలో మంచే గెలవాలి. ఆ రక్తపిశాచాలు మళ్లీ రావడానికి 1971 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఆ సరిపోయిన లెక్కే. వాడు హంతకుడు కదా, ముక్కలైతే ఏం అనిపిస్తుంది. శిక్ష పేరుతో ఆ చావును ఆనందించే అనుమతి దొరుకుతుంది. షుయిచి తల్లి ఏ పాపమూ చేయలేదు, కాబట్టి ఆమె నొప్పిని మనం సమర్థించుకోలేం. అందువల్ల ఇటో గీసిన హింసే నాకు ఎక్కువ నిజాయితీగా కనిపిస్తుంది.

కథాంతం:
పాతసంచిక గారూ, నేను అడిగింది శిక్ష కాదు, పొందిక. తల్లి అధ్యాయం ముగింపుకు పునాది అన్నది ఒప్పుకుంటాను. మరి ఆసుపత్రి అధ్యాయాల సంగతేమిటి? గర్భిణులు డ్రిల్లుతో రోగులకు కన్నాలు పొడిచి రక్తం తాగుతారు. భయపెట్టడంలో లోటు లేదు. కానీ ఆ అధ్యాయాలు తీసేసి చదవండి, కిరియె చివరి నిర్ణయంలో వెంట్రుకవాసి తేడా కూడా రాదు.

నల్లసిరా:
రాదు, నిజమే. ఆసుపత్రి అధ్యాయాలను నేనూ సమర్థించను. అక్కడ సుడి డ్రిల్లు మొనలో కనబడే ఆకారంగా మాత్రమే మిగిలింది, దాని వల్ల మనకు కొత్తగా ఏమీ తెలియదు. వారం వారం కొత్త భయం అందించాల్సిన పత్రిక ఒత్తిడి ఇలాంటి చోట్ల కనిపిస్తుందని నా అభిప్రాయం. అయితే దానికి మందు శాపం పుట్టుక గురించి చివర ఒక వివరణ అతికించడం కాదు. అలాంటి వివరణ పది పేజీలు రాసినా ఆసుపత్రిలోని రక్తానికి అర్థం రాదు. ఆ అధ్యాయాలు గీసేటప్పుడే రావాల్సిన అర్థం అది.