అప్‌డేట్: ఇమిగ్రేషన్ అధికారులు తలుపు తడితే తీయాలా?

అమెరికాలోని డాలస్‌లో చదువుతున్న మా తమ్ముడి ఇంటికి అధికారులు వస్తే ఏం చేయాలని ఇంతకుముందు ఈ ప్రశ్న అడిగాక, న్యాయవాదిని సంప్రదించాము. అంగీకారం లేకుండా ఇంట్లోకి రావాలంటే కోర్టు న్యాయమూర్తి సంతకం చేసిన వారెంటు ఉండాలన్నది అమెరికా రాజ్యాంగ నాల్గవ సవరణ నుండి వచ్చిన సాధారణ నియమమనీ, ఐ-200 పత్రంపై (ఇమిగ్రేషన్ శాఖ జారీచేసే అరెస్టు వారెంటుపై) ఉండేది ఇమిగ్రేషన్ అధికారి సంతకమేననీ, కనుక వారు తెచ్చిన కాగితాన్ని తలుపు కింది నుండి పంపమని అడిగి, సంతకం ఎవరిదో చూడాలనీ ఆమె వివరించారు. మౌనంగా ఉండవచ్చు, అబద్ధం మాత్రం చెప్పకూడదు.

నన్ను కలవరపెట్టింది వేరొకటి: 18 ఏళ్లు నిండిన విదేశీయులు ఐ-94 (దేశంలోకి ప్రవేశించినట్టు తెలిపే రికార్డు) వంటి నమోదు పత్రాన్ని వెంట ఉంచుకోవాలని చట్టం చెబుతుండగా, మావాడు దాన్ని ప్రింటు కూడా తీసుకోలేదు. నిన్న తీయించాను. నిర్బంధిస్తే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందం ప్రకారం ఉంది కాబట్టి, కాన్సులేట్ నంబరును, న్యాయవాది నంబరును వాడిచేత కంఠస్థం చేయించాను.