అప్‌డేట్: సాయంత్రమైతే చెయ్యి కొరుక్కునే మా బాబు (తిరుపతి)

రెండు నెలల కింద అడిగాను గుర్తుందా? ఆటిజం ఉన్న మా తొమ్మిదేళ్ల బాబు సాయంత్రమైతే చెయ్యి రక్తం వచ్చేలా కొరుక్కుంటున్నాడు, బిహేవియర్ థెరపీ వాళ్లను నమ్మొచ్చా అని. జవాబిచ్చిన వాళ్లందరికీ థ్యాంక్స్.

ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఇలాంటి నిపుణులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగమన్న సలహా బాగా పనికొచ్చింది. మొదట వెళ్లిన చోట మాట దాటేశారు, వదిలేశాం. ఇప్పటివాళ్లు అడగకముందే చూపించారు. ముందు పంటి డాక్టరుకు చూపించి రమ్మన్నారు, నొప్పేమైనా ఉందేమోనని. లేదు.

తర్వాత స్పెషల్ ఎడ్యుకేటర్ మేడం కొర్లగుంటలో మా ఇంటికొచ్చి, వంటింటి గడప దగ్గర కూర్చుని రెండు సాయంత్రాలు ఊరికే చూశారు. దీనికి ఫీజెందుకని మా ఆయన గొణిగారు కూడా. మాతో రెండు వారాలు నోట్‌బుక్ రాయించారు: కొరుక్కునే ముందు ఏం జరిగింది, తర్వాత మేమేం చేశాం.

అందులో తేలింది. వాడు కొరుక్కోగానే మా అత్త చేతిలో మురుకు పెడుతోంది! ఆకలేస్తే అడగడం పాపం అలా నేర్చుకున్నాడు. స్పీచ్ థెరపిస్టు మురుకు ఫొటో కార్డు చేసిచ్చారు. ఇప్పుడు ఆ కార్డు తెచ్చి మా అత్త ఒళ్లో పడేస్తాడు. కొరుక్కోవడం వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గింది.

కుక్కర్ విజిల్ శబ్దం వల్లేమో అనుకున్నాం, అది కాదు. గోధుమలు మానిపించినా తేడా లేదు, మళ్లీ చపాతీ పెడుతున్నాం.