డబ్లిన్‌లో అమ్మానాన్నలతో: ఏం చూపించాలి, పబ్బుకి తీసుకెళ్లొచ్చా?

గోదావరి_గట్టు:
మేం ఐర్లాండ్‌లో, కార్క్‌ ఊళ్లో ఉంటాం. అమ్మానాన్న వచ్చే నెల వస్తున్నారు, డబ్లిన్‌లో రెండు మూడు రోజులు తిప్పుదామని ప్లాన్. నాన్నకి చరిత్ర అంటే ప్రాణం, ప్రతి బోర్డూ ఆగి చదువుతారు. అమ్మ శాకాహారి. ఇద్దరూ మందు ముట్టరు. పబ్బు చూడకపోతే ఆ ఊరు సగమే చూసినట్టని నాకనిపిస్తుంది, కానీ అమ్మ ఇబ్బంది పడుతుందేమోనని టెన్షన్. పెద్దవాళ్లని తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

లూకన్_కాపురం:
నిశ్చింతగా తీసుకెళ్లండి. మన హైదరాబాద్‌లో పబ్బంటే డీజే, చీకటి, కేకలు. ఇక్కడ మధ్యాహ్నం వెళ్తే ఒక పెద్దాయన పేపర్ చదువుకుంటుంటాడు, పక్క టేబుల్ మీద ఎవరో పాపకి సూప్ తాగిస్తుంటారు. 2004 నుంచి లోపల పొగ తాగడం నిషేధం కాబట్టి ఆ వాసన గోల కూడా లేదు. మా అత్తగారిని స్టాగ్స్ హెడ్‌కి తీసుకెళ్లాం, డేమ్ స్ట్రీట్ పక్క సందులో ఉంటుంది. పాతకాలపు చెక్కపని, రంగు అద్దాల కిటికీలు, బార్ పైన దుప్పి తల. ఆవిడ టీ తాగుతూ ఆ అద్దాలనే చూస్తూ కూర్చున్నారు, లేద్దామంటే "ఉండవే ఇంకాసేపు" అన్నారు. పిల్లలు ఉన్నవాళ్లు మాత్రం టైమ్ చూసుకోండి: రాత్రి తొమ్మిది దాటాక పిల్లల్ని ఉంచరు, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే పదింటి వరకు.

సైకిల్_సవారీ:
టెంపుల్ బార్ వీధిని పగలు ఒకసారి చూసి, ఫొటో దిగి బయటపడండి. అక్కడ ఒక చోట సాయంత్రం మా నలుగురికి అయిన బిల్లుతో వేరే చోట కడుపునిండా భోంచేసేవాళ్లం. మైకు హోరులో పక్కవాడి మాట కూడా వినపడలేదు. మాట్లాడుకోవడానికి వీలు లేకపోతే అది పబ్బే కాదని నా అభిప్రాయం. గ్రోగన్స్‌కి వెళ్లండి, టీవీ లేదు, పాటలు లేవు, కబుర్లు మాత్రమే. టోస్టీలకి, అంటే కాల్చిన శాండ్‌విచ్‌లకి, పేరున్న చోటు, అమ్మగారికి హామ్ లేకుండా చీజ్ టోస్టీ చెప్పండి.

ఫిడేలు_పిచ్చి:
సంగీతం కావాలంటే స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్. ఇంకో మాట లేదు. స్టేజీ ఉండదు, ముందు గదిలో ఒక మూల నలుగురైదుగురు కూర్చుంటారు, ఒకరు ఫిడేలు మీద ఒక ట్యూన్ ఎత్తుకుంటే మిగతావాళ్లు తెలిస్తే కలుస్తారు, తెలియకపోతే వాద్యం ఒళ్లో పెట్టుకుని వింటారు. ముందు కాగితం ఉండదు, అంతా చెవితో నేర్చుకున్నదే. ఒక ట్యూన్ నుంచి ఆపకుండా ఇంకోదానిలోకి దూకే క్షణంలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు చూడండి, అది చూడ్డానికే నేను వెళ్తాను. మన కచేరీల్లో వయొలిన్ వినే అలవాటున్నవాళ్లకి అదే వాద్యం ఇంత వేరుగా పలకడం భలే అనిపిస్తుంది. మోచేతితో తిత్తి నొక్కుతూ వాయించే ఇలియన్ పైప్స్ కనిపిస్తే దగ్గర్లో కూర్చోండి. వాద్యకారుల కోసం ఉంచిన సీట్లలో కూర్చోవద్దు, ఎవరైనా గొంతెత్తి పాడుతుంటే మాటలు ఆపేయాలి. 2021లో దాని చుట్టూ హోటల్ కట్టాలని చూస్తే జనం వీధుల్లోకి వచ్చారు, సిటీ కౌన్సిల్ అనుమతి నిరాకరించింది. ఆ ఊరికి ఆ పబ్బు అంత ముఖ్యం.

బరంపురం_బ్యాచ్:
మీ నాన్నగారికి ఇది చెప్పండి: మన మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి చదువుకున్న ఊరు డబ్లిన్. 1913లో లా చదవడానికి వచ్చారు. అదే ఏడాది అక్కడ పెద్ద లాకౌట్, వేలమంది కార్మికులు నెలల తరబడి రోడ్డున పడ్డారు. 1916లో బ్రిటిష్ పాలన మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత గిరిగారిని దేశం వదిలి పొమ్మన్నారు. ఆయన తిరిగొచ్చి రైల్వే కార్మికుల సంఘాలు కట్టారంటే ఆ బీజం ఇక్కడ పడిందే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తిరుగుబాటు నడిపినవాళ్లలో ఒకరైన కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ విగ్రహం లిబర్టీ హాల్ ఎదురుగా ఉంది. అక్కడి నుంచి ఓకానెల్ స్ట్రీట్‌కి నడిస్తే ఓకానెల్ విగ్రహం కింద రెక్కల దేవతలు ఉంటాయి, దగ్గరికెళ్లి చూస్తే వాటి ఒంటి మీద తుపాకీ గుళ్లు దిగిన చిల్లులు కనిపిస్తాయి. తిరుగుబాటుదారులు స్థావరం చేసుకున్న పెద్ద పోస్టాఫీసు, జీపీఓ, కూడా అదే రోడ్డులో.

ఇక కిల్మేనమ్ జైలు. ఈ లిస్టులో ఒక్కటే చూడాలంటే అదే చూడండి. 1916 మే నెలలో ఆ తిరుగుబాటు నాయకుల్లో 14 మందిని బ్రిటిష్‌వాళ్లు అక్కడే కాల్చి చంపారు. గాయాలతో నిలబడలేని కానలీని కుర్చీకి కట్టి కాల్చారు. రాళ్లు కొట్టించే ఆ ఆవరణలో ఒక చివర ఒక శిలువ, గేటు దగ్గర ఇంకో శిలువ ఉంటాయి. ఆయన్ని అంబులెన్సులో తెచ్చి గేటు పక్కనే ఆ పని ముగించారు కాబట్టి అది విడిగా ఉంది.

నిమ్మసోడా:
గిన్నెస్ బీరు మ్యూజియం, అదే గిన్నెస్ స్టోర్‌హౌస్, గురించి ఎవరూ రాయలేదే? మందు తాగనివాళ్లకి అంత టికెట్ దండగ అని నా మాట. ఆ డబ్బుతో ట్రినిటీ కాలేజీలో బుక్ ఆఫ్ కెల్స్ అనే చేతిరాత సువార్తల పుస్తకం చూపించండి, దూడ చర్మం మీద దాదాపు 1200 ఏళ్ల కిందట వేసిన బొమ్మలు. అక్కడి పాత లైబ్రరీ హాలు లాంగ్ రూమ్‌లో పుస్తకాలు మరమ్మతుల కోసం తీసేశారు, అది తెలిసి వెళ్లండి.

లూకన్_కాపురం:
@నిమ్మసోడా నేను ఒప్పుకోను. పై అంతస్తు నుంచి ఊరంతా కనిపిస్తుంది, బీరు బదులు కూల్ డ్రింక్ ఇస్తారు. 1759లో ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9000 ఏళ్లకి రాసుకున్న బ్రూవరీ లీజుని కింది అంతస్తు నేలలో అద్దం కింద పెట్టారు, చరిత్ర ఇష్టమైనాయన దాని దగ్గర ఆగకుండా ఉంటారా!

గోదావరి_గట్టు:
అందరికీ థాంక్స్ అండీ. గిరిగారి సంగతి ఫోన్లో చెప్తే నాన్న అప్పుడే నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు. కిల్మేనమ్ టికెట్లు చూస్తే మా తేదీలకి అన్నీ అయిపోయాయి. వేరే దారి ఉందా?

బరంపురం_బ్యాచ్:
టికెట్లు 28 రోజుల ముందు వదులుతారు, త్వరగా అయిపోతాయి. కానీ క్యాన్సిల్ అయినవి అదే రోజు ఉదయం వెబ్‌సైట్‌లో పెడతారు, తొమ్మిది నుంచి ఫోన్ పట్టుకుని కూర్చోండి. దొరక్కపోతే ఆర్బర్ హిల్ శ్మశానానికి వెళ్లండి, టికెట్ లేదు. కాల్చేసిన ఆ 14 మందినీ పాతిపెట్టింది అక్కడే, కానలీ సమాధి కూడా అక్కడే. ముందు వైపున్న కాలిన్స్ బ్యారక్స్ మ్యూజియం కూడా ఉచితమే, ఆది, సోమవారాల్లో మాత్రం మధ్యాహ్నం తెరుస్తారు. లువాస్ ట్రామ్ రెడ్ లైన్‌లో మ్యూజియం స్టాప్ దిగాలి. అందరికీ బస్సు, ట్రాములకి వాడే లీప్ కార్డు తీసుకోండి, 2 యూరోలతో 90 నిమిషాలు బస్సూ ట్రామూ మారొచ్చు. మ్యూజియం నుంచి కాబుల్‌స్టోన్ నడిచి వెళ్లేంత దూరమే. సాయంత్రం త్వరగా చేరితేనే అమ్మగారికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.